కోడి రామ్మూర్తి నాయుడు

కోడి రామ్మూర్తి నాయుడు (1882 - 1942) సుప్రసిద్ధ తెలుగు మల్లయోధుడు, వ్యాయామ ఉపాధ్యాయుడు, సర్కసు సంస్థ నిర్వాహకుడు. తెలుగునాట కలియుగ భీముడుగా, ఉత్తర భారతంలో ప్రొఫెసర్ రామ్మూర్తిగా, విదేశాలలో ఇండియన్ హెర్క్యులస్‌గా పేరు పొందాడు. రొమ్ముపై ఏనుగును నిలబెట్టుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను తెంచడం, కదిలే మోటారు కార్లను ఆపడం వంటి ప్రదర్శనలు ఇతనికి ఎనలేని కీర్తిని తెచ్చిపెట్టాయి. అయితే ఈ ప్రదర్శనలన్నింటికీ పునాది కుస్తీ గోదాలో సంపాదించిన సాధన. భారతీయులు శారీరకంగా బలహీనులన్న అభిప్రాయాన్ని పాలకులు ప్రచారం చేస్తున్న కాలంలో, దేశీయమైన వ్యాయామంతో, ప్రాణాయామంతో అసాధారణ బలాన్ని సాధించవచ్చునని వేలాది ప్రేక్షకుల ఎదుట నిరూపించడం ఇతని ప్రత్యేకత.

బాల్యం

రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో జన్మించాడు. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ఊరు 1950 తరువాత శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 జిల్లాల పునర్విభజనలో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయిన రామ్మూర్తిని తండ్రి గారాబంగా పెంచాడు. బాలుడికి చదువు కంటే ఆటపాటలపైన, కసరత్తు పైన మక్కువ ఎక్కువగా ఉండేది. కుమారుడు క్రమశిక్షణలో పెరగాలని భావించి తండ్రి అతనిని విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపాడు. నారాయణస్వామి పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవాడు.

పినతండ్రి ఇంటికి రావడం రామ్మూర్తి జీవితంలో తొలి మలుపు. సంస్థానాధీశుల ఆదరణతో విజయనగరం సంగీత సాహిత్యాలకు నెలవుగా ఉండేది. అక్కడి వ్యాయామశాలలో చేరిన రామ్మూర్తి కుస్తీ పట్లు నేర్చుకున్నాడు. యౌవనంలో అడుగుపెట్టే నాటికే అతని దేహబలం ఊరంతా చెప్పుకొనే స్థాయికి చేరింది. ఇరవై ఒక్క ఏళ్ళ వయసుకే టన్నుకు మించిన బరువును రొమ్ముపై మోయగలిగేవాడని ప్రతీతి.

ఆనాటి వ్యాయామ సంప్రదాయం

రామ్మూర్తి కాలం నాటికి తెలుగు ప్రాంతాలలో వ్యాయామ విద్యకు సుదీర్ఘమైన సంప్రదాయం ఉంది. కోస్తా జిల్లాలలో సాము గరిడీలు, ఉత్తరాంధ్రలో సంగిడీలు ఎత్తే పోటీలు గ్రామీణ జీవితంలో భాగంగా ఉండేవి. సంగిడీ అనేది పట్టుకోవడానికి వీలుగా చెక్కిన బరువైన రాయి. పండుగలకు, గ్రామదేవతల సంబరాలకు యువకులు దానిని భుజాల పైకి ఎత్తి తమ బలాన్ని చాటుకొనేవారు. వ్యాయామ గురువును వస్తాదు అని పిలిచేవారు.

నిజాం పాలనలోని తెలంగాణలో ఈ విద్య తాలింఖానాలలో వర్ధిల్లింది. ఇక్కడ గురువును ఉస్తాద్ అని, మల్లుడిని పహిల్వాన్ అని పిలుస్తారు. కోస్తాలో వస్తాదు అన్నా, తెలంగాణలో ఉస్తాద్ అన్నా మూలం ఒకటే మాట. మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న నిజామాబాదు, బోధన్ ప్రాంతాలలో కుస్తీ నేటికీ సజీవంగా ఉంది. జాతరలకు, హోలీ వంటి పండుగలకు గ్రామాలలో పోటీలు నిర్వహిస్తారు. సరిహద్దు అవతలి నుండి కూడా మల్లయోధులు వచ్చి పాల్గొంటారు. చిన్న పిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, విజేతకు వెండి కడెం తొడిగే చివరి కుస్తీతో పోటీలు ముగియడం ఇక్కడి ఆనవాయితీ. బోధన్ సమీపంలోని హున్సా గ్రామంలో హోలీ నాడు జరిగే పిడిగుద్దులాట కూడా ప్రసిద్ధమైనది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడి, చెరకు సాగు విస్తరించి, 2015లో ఆ కర్మాగారం మూతపడింది. ఆ ప్రాంత జీవనంలో ఇన్ని మార్పులు వచ్చినా ఊరి కుస్తీ మాత్రం ఆగలేదు.

ఉత్తరాంధ్ర గరిడీకీ, తెలంగాణ తాలింఖానాకూ పేర్లలో, ఆచారాలలో తేడాలున్నా సాధన క్రమం చాలావరకు ఒకటే. రామ్మూర్తి ఎదిగింది ఇటువంటి సంప్రదాయంలోనే.

వ్యాయామ ఉపాధ్యాయుడుగా

గోదాలో నేర్చిన విద్యకు తోడు శాస్త్రీయమైన శిక్షణ కూడా అవసరమని రామ్మూర్తి భావించాడు. మద్రాసు వెళ్ళి సైదాపేటలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఒక సంవత్సరం పాటు వ్యాయామ శిక్షణ పొంది, యోగ్యతాపత్రం సంపాదించాడు. తిరిగి వచ్చి విజయనగరంలో తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయుడుగా చేరాడు. దక్షిణ భారతంలో వ్యాయామ విద్యకు ప్రత్యేక కళాశాల 1920లో మద్రాసు వై.ఎం.సి.ఎ. ఆధ్వర్యంలో ఏర్పడింది. దానికి ఎన్నో ఏళ్ళ ముందే ఒక మల్లయోధుడు పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేయడం గమనించదగిన విషయం. ఉత్తర భారతంలో ఇతని పేరు ముందు చేరిన ప్రొఫెసర్ అన్న మాట విశ్వవిద్యాలయ పదవిని సూచించేది కాదు. ఒక విద్యలో ఆరితేరి, దానిని ప్రదర్శించి బోధించే వారిని ఆ కాలంలో అలా గౌరవించేవారు.

సాధన విధానం

దేశీయ మల్లవిద్యలో సాధన తెల్లవారుజామున మొదలవుతుంది. ముందుగా గోదాలోని మట్టిని పారతో తవ్వి, గుల్ల చేసి, చదును చేస్తారు. ఇది కూడా వ్యాయామంలో భాగమే. మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ వంటివి కలపడం ఆచారం. ఉదయం వేళ మల్లులు ఒకరితో ఒకరు తలపడి పట్లను సాధన చేస్తారు. దీనిని జోర్ అంటారు. దండీలు, బస్కీలు, గద లేక ముద్గరం తిప్పడం వంటివి బలానికి, దమ్ముకు ఉపయోగపడతాయి. దండీలు భుజాలను, రొమ్మును, నడుమును, బస్కీలు తొడలను దృఢం చేస్తాయి. పాలు, నెయ్యి, బాదం పప్పు మల్లుల ఆహారంలో ముఖ్యమైనవి. రామ్మూర్తి శాకాహారి అని, ఆంజనేయ భక్తుడని అతని జీవిత కథనాలు పేర్కొంటున్నాయి.

ప్రాథమిక సాధన పూర్తయిన మల్లునికి అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది. ప్రతి పట్టుకు ఒక విరుగుడు ఉంటుంది. పట్టును దావ్ అని, విరుగుడును తోడ్ అని అంటారు. ప్రత్యర్థి చేతిని భుజం మీదుగా లాగి, చాకలి బట్టను బండపై కొట్టినట్లు వీపు మీదుగా విసరడం ధోబీపాట్. అతని కాళ్ళ మధ్యకు దూరి భుజాలపైకి ఎత్తి పడవేయడం కలాజంగ్. ఒకే పట్టు తెలిసినవాడు దాని విరుగుడు తెలిసినవాని చేతిలో ఓడిపోతాడు. అందువల్ల ఒక పట్టు విఫలమైన క్షణంలోనే మరొక పట్టులోకి మారడం, ప్రత్యర్థి బరువు ఏ కాలిపై ఉన్నదో చూపుతో కాక స్పర్శతో గ్రహించడం అనుభవజ్ఞులైన మల్లులు అలవరచుకోవలసిన విద్య. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. తనకంటే బలవంతులతో ప్రతిదినం జోర్ చేసినప్పుడే అబ్బుతుంది.

వీటికి తోడు రామ్మూర్తి శ్వాస నియంత్రణకు అత్యంత ప్రాధాన్యం ఇచ్చాడు. వాయుస్తంభన, జలస్తంభన విద్యలను కూడా ప్రదర్శించాడని చెబుతారు. ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు రొమ్ము, పొట్ట కండరాలు బిగిసి మొండెం గట్టి దిమ్మవలె తయారవుతుంది. బరువును మోయడానికి, గొలుసును తెంచడానికి ఆ బిగువు అవసరం. కుస్తీలో మెడను, వీపును విల్లువలె వంచి శరీరాన్ని నేలకు తగలకుండా నిలిపే అభ్యాసం కూడా ఇటువంటి ప్రదర్శనలకు ఉపకరిస్తుంది.

కుస్తీ, జుజుత్సు

రామ్మూర్తి కీర్తి పెరుగుతున్న కాలంలోనే ప్రపంచంలో వేర్వేరు మల్లవిద్యలు ఒకదానికొకటి ఎదురుపడసాగాయి. జపాను జుజుత్సు నిపుణుడు యుకియో తాని లండన్ నాటకశాలల వేదికలపై తనకంటే పెద్ద శరీరం గల మల్లులతో పోటీపడి పేరు పొందాడు. జుజుత్సు యోధులు దళసరి అంగీ ధరించి, ప్రత్యర్థి అంగీ అంచులను, చేతులను పట్టుకొని పోరాడతారు. ప్రత్యర్థి కీలును మెలిపెట్టి గాని, మెడను బిగించి గాని ఓటమి ఒప్పించడం అందులో గెలుపు మార్గం. భారతీయ కుస్తీలో మల్లుని ఒంటిపై లంగోటా తప్ప మరేమీ ఉండదు. పట్టుకోవడానికి వస్త్రం లేనందున మణికట్టు, మెడ, చంక, నడుము, మడమలే ఆధారం. ప్రత్యర్థి వీపును నేలకు తగిలించి చిత్ చేయడమే గెలుపు.

నేడు ప్రపంచవ్యాప్తంగా ప్రచారంలో ఉన్న అంగీ లేని జుజుత్సులో ఈ రెండు విద్యల లక్షణాలూ కలిసి కనిపిస్తాయి. కిందికి పడవేసే పద్ధతులు కుస్తీవి, ఓటమి ఒప్పించే పట్లు జుజుత్సువి. వస్త్రం లేనిచోట చెమట పట్టిన శరీరం జారిపోతుంది కనుక వేగం, దగ్గరగా అంటిపెట్టుకొని ఉండడం, బరువును సరిగా మోపడం ముఖ్యమవుతాయి. భారతీయ గోదాలో శతాబ్దాలుగా నేర్పుతున్నది సరిగ్గా ఈ అంశాలనే.

1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్ళి అమెరికా మల్లుడు బెంజమిన్ రోలర్‌ను ఓడించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో పోలెండుకు చెందిన స్టానిస్లాస్ జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడ్డాడు. జిబిస్కో ఎక్కువ సమయం నేలకు కరచుకొని ఉండిపోవడంతో ఫలితం తేలలేదు. వారం తరువాత జరగవలసిన పోటీకి జిబిస్కో రాకపోవడంతో గామాను విజేతగా ప్రకటించారు. 1928లో పటియాలాలో జరిగిన పోటీలో గామా అతనిని నిమిషం లోపే ఓడించాడు. గామా కుస్తీలో చూపిన సామర్థ్యాన్ని రామ్మూర్తి బల ప్రదర్శనలలో చూపాడు. ఇద్దరికీ మూలం దేశీయమైన గోదా సాధనే.

సర్కసు సంస్థ

భారతదేశంలో సర్కసు కళకు ఆద్యుడు మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే. 1880లో బొంబాయిలో ఇతని గ్రేట్ ఇండియన్ సర్కస్ తొలి ప్రదర్శన జరిగింది. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కున్హికణ్ణన్ సర్కసు కళాకారులకు శిక్షణ ఇచ్చాడు. ఈ వాతావరణంలో రామ్మూర్తి కూడా ఉపాధ్యాయ వృత్తిని విడిచి, విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుని సహకారంతో సర్కసు సంస్థను స్థాపించాడు. తుని రాజా ఇందుకు సహాయం చేశాడని చెబుతారు. తరగతి గదిలో కొద్దిమందికి నేర్పగలిగిన విషయాన్ని సర్కసు డేరాలో ఒకేసారి వేలమందికి చూపే అవకాశం కలిగింది. సంస్థ దేశమంతటా పర్యటించి ధనాన్ని, కీర్తిని ఆర్జించింది.

బల ప్రదర్శనలు

రామ్మూర్తి ప్రదర్శనలలో ముఖ్యమైనవి ఇవి:

ఏనుగును మోయడం: నేలపై వెల్లకిలా పడుకొని, రొమ్ముపై అమర్చిన బల్ల మీద ఏనుగును నిలబెట్టుకొనేవాడు. పెరిగిన ఏనుగు బరువు సాధారణంగా రెండు టన్నులకు తక్కువ ఉండదు. బల్ల వలన బరువు ఒకేచోట పడక శరీరంపై పరచుకుంటుంది. అయినప్పటికీ ఊపిరి బిగబట్టి పక్కటెముకలను నిలబెట్టలేనివాడు ఆ బరువుకు తట్టుకోలేడు.

గొలుసు తెంచడం: రొమ్ముకు, భుజాలకు ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి పీల్చి కండరాలను బిగించి దానిని తెంచేవాడు.

కార్లను ఆపడం: రెండు కార్లకు కట్టిన గొలుసులను రెండు చేతులతో పట్టుకొని, అవి చెరొక దిక్కుకు లాగుతున్నా కదలనిచ్చేవాడు కాదు. 1905 నుండి 1910 వరకు వైస్రాయిగా ఉన్న లార్డ్ మింటో స్వయంగా కారు నడిపి పరీక్షించాడని, కారు ముందుకు కదలలేదని ఒక కథనం ప్రచారంలో ఉంది.

ఈ విన్యాసాలు ఎంతో ప్రమాదకరమైనవి. బల్లలో ఏమాత్రం లోపమున్నా ప్రాణానికే ముప్పు. ఒకసారి బల్ల విరిగి అతని పక్కటెముకలు దెబ్బతిన్నాయని, శస్త్రచికిత్స అనంతరం నెలల తరబడి మంచాన పడ్డాడని జీవిత కథనాలు తెలుపుతున్నాయి. కోలుకున్నాక మళ్ళీ అదే ప్రదర్శన చేశాడని కూడా అవి చెబుతాయి.

జాతీయోద్యమ కాలంలో ఆదరణ

1905 బెంగాల్ విభజన తరువాత స్వదేశీ ఉద్యమం ఉధృతమయింది. బెంగాలులో అనుశీలన సమితి వంటి సంస్థలు వ్యాయామశాలల ద్వారా యువకులను కూడగట్టాయి. మహారాష్ట్రలోనూ తాలీములు జాతీయ భావాలకు కేంద్రాలయ్యాయి. దేహబలం వ్యక్తిగత విషయంగా కాక దేశ గౌరవానికి సంబంధించిన విషయంగా మారిన సమయమది. అటువంటి సమయంలో రామ్మూర్తి డేరాకు వచ్చిన ప్రేక్షకుడు వినోదాన్ని మాత్రమే కాక ఆత్మవిశ్వాసాన్ని కూడా వెంట తీసుకొని వెళ్ళేవాడు.

పూనాలో ప్రదర్శన చూసిన బాలగంగాధర తిలక్ ఇతనిని మల్లమార్తాండ బిరుదుతో సత్కరించాడని, విదేశాలలో ప్రదర్శనలివ్వమని ప్రోత్సహించాడని చెబుతారు. 1910లో అలహాబాదులో కాంగ్రెసు మహాసభలు జరిగిన సందర్భంలో మదనమోహన మాలవ్యా ఇతనిని ఆహ్వానించాడని కూడా జీవిత కథనాలలో ఉంది. రామ్మూర్తి తన ఆదాయంలో అధిక భాగాన్ని దానధర్మాలకు, జాతీయ కార్యక్రమాలకు వెచ్చించాడని ప్రసిద్ధి.

శిష్యుడు భీమ భవాని

రామ్మూర్తి ప్రభావం ఎంతటిదో తెలిపే ఉదాహరణ బెంగాలీ మల్లయోధుడు భవేంద్రమోహన్ సాహా (1890 - 1922). కలకత్తాలో రామ్మూర్తి ప్రదర్శన చూసి ఆకర్షితుడైన ఇతడు సుమారు పందొమ్మిదేళ్ళ వయసులో ఇల్లు విడిచి రామ్మూర్తి సర్కసులో చేరాడు. సంస్థతో పాటు రంగూన్, సింగపూర్, జావా పర్యటించాడు. తరువాతి కాలంలో స్వతంత్రంగా ఏనుగును రొమ్ముపై మోయడం, కార్లను ఆపడం వంటి ప్రదర్శనలు చేసి భీమ భవానిగా బెంగాలులో చిరస్థాయిగా నిలిచాడు. భాష వేరైనా గురువు విద్య శిష్యునిలో కొనసాగింది.

విదేశీ పర్యటనలు

రామ్మూర్తి సంస్థ బర్మా, ఆగ్నేయాసియా దేశాలలోను, ఐరోపాలోను పర్యటించింది. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఇతని ప్రదర్శన చూసి మెచ్చుకొన్నారని, ఇండియన్ హెర్క్యులస్ అన్న పేరు అక్కడే వచ్చిందని చెబుతారు. స్పెయిన్‌లో ఎద్దును కొమ్ములు పట్టి నిలువరించిన కథ, బర్మాలో అతనిపై జరిగిన హత్యాప్రయత్నం కథ తెలుగునాట తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఇటువంటి కథలు కాలక్రమంలో పెరిగి ఉండవచ్చు. కాని ఒక పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుని చుట్టూ ఇన్ని గాథలు అల్లుకోవడమే ప్రజలు అతనిపై పెట్టుకొన్న అభిమానానికి నిదర్శనం.

చివరి రోజులు

రామ్మూర్తి చివరి రోజులు దుఃఖభరితమైనవి. కాలికి రాచపుండు లేచి, అది మానకపోవడంతో కాలిని తొలగించవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు మత్తుమందు తీసుకోకుండా ప్రాణాయామంతో బాధను ఓర్చుకొన్నాడని చెబుతారు. కార్లను ఆపిన కాళ్ళలో ఒకటి లేకుండాపోయింది. గోదాకు, డేరాకు దూరమయ్యాడు. సంపాదించిన ధనం కూడా చాలావరకు హరించుకుపోయింది. ఒడిశాలోని బలంగీర్-పాట్నా సంస్థానంలో ఆశ్రయం పొంది శేషజీవితం గడిపాడు. 1942 జనవరిలో అక్కడే మరణించాడు.

అతని విద్య అతని శరీరాన్నే ఆశ్రయించుకొని ఉండడం వలన, శరీరం కూలినప్పుడు దానిని కొనసాగించే స్థిరమైన శిక్షణాలయం మిగలలేదు. పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ప్రారంభించిన పని, సర్కసు కీర్తి వెనుక అసంపూర్తిగా ఉండిపోయింది.

బిరుదులు

కలియుగ భీమ
ఇండియన్ హెర్క్యులస్
మల్లమార్తాండ
వీరకంఠీరవ
జగదేకవీర

స్మృతి చిహ్నాలు

శ్రీకాకుళం పట్టణంలోని క్రీడా మైదానానికి కోడి రామ్మూర్తి పేరు పెట్టారు. విశాఖపట్నం సముద్రతీరంలో ఇతని విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతానికి చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కింది. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022, 2023లలో బాక్సింగులో ప్రపంచ విజేతగా నిలిచింది. రామ్మూర్తి కాలంలో గరిడీలకు, గోదాలకు స్త్రీల రాక అరుదు. తెలుగు నేలపై బలసాధన నేడు అందరిదీ కావడం ఆ వ్యాయామ ఉపాధ్యాయుని స్మృతికి తగిన గౌరవం.